ఆ పై గది గోడకు కంతలు ఎందుకున్నాయంటే

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఎప్పుడో మూతపడ్డ టాకీసును మీ మేనమామ గోదాము కోసం కొన్నారని, లోపల శుభ్రం చేయిస్తుంటే మేడమీద ఒక ఇరుకు గది బయటపడిందని రాశారు. మందపాటి గోడలు, ఇనుప తలుపు, హాలు వైపు గోడలో వరసగా ఐదు చదరపు కంతలు, కప్పులోంచి పైకి పోయిన రేకు గొట్టం. అది ఏం గది, ఆ హాలు చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఆ హాలు ఏదో నాకు అర్థమైంది. 1977లో, పదిహేడేళ్ల వయసులో, రీళ్లు చుట్టే బాయ్‌గా నేను చేరింది ఆ గదిలోనే. తర్వాత లైసెన్సు తెచ్చుకుని ఆపరేటర్‌నయ్యాను. ఊళ్లోనే ఇంకో హాలుకు మారాను. మొత్తం ముప్పై నాలుగేళ్లు ఇదే పని. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

దాన్ని మేం క్యాబిన్ అనేవాళ్లం. హాల్లో కూర్చున్న జనం దాని వైపు తల తిప్పి చూసేది బొమ్మ ఆగిపోయినప్పుడే. కంతల లెక్క ఇది. ఒక్కో ప్రొజెక్టర్‌కు రెండు కంతలు: ఒకదాంట్లోంచి వెలుతురు తెర మీదికి పోతుంది, పక్కదాంట్లోంచి ఆపరేటర్ తెరను చూస్తుంటాడు. మెషీన్లు రెండు కాబట్టి కంతలు నాలుగు. ఐదోది స్లైడ్లకు. పొగ త్రాగరాదు అనే బోర్డు, వచ్చే శుక్రవారం పడే బొమ్మ, బట్టల దుకాణం ప్రకటన, అన్నీ గాజు పలకల మీద రాసి అక్కడి నుంచే వేసేవాళ్లం. సినిమాకొచ్చిన డాక్టర్ కోసం ఎవరైనా పరుగెత్తుకొస్తే, గాజుకు మసి పట్టించి, దాని మీద పుల్లతో గీకి 'డాక్టర్ గారు వెంటనే బయటికి రావాలి' అని వేసింది కూడా ఆ ఐదో కంతలోంచే. నా చేత్తో నేను రెండుసార్లు అట్లా రాశాను. ఒకసారి సినిమా మధ్యలో లేచిపోయిన డాక్టరమ్మ మళ్లీ వారం వచ్చినప్పుడు, క్యాబిన్ మెట్ల కింద నిలబడి 'తల్లీ బిడ్డా బాగున్నరు' అని మాకు చెప్పి వెళ్లింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

గోడలు అంత మందంగా, తలుపు ఇనుముతో ఎందుకు కట్టారంటే నిప్పు భయం. 1950ల మొదట్లో దాకా సినిమా ఫిలిం నైట్రేట్‌తో చేసేవాళ్లు. అది ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. తర్వాత తేలిగ్గా మండని సేఫ్టీ ఫిలిం వచ్చింది కానీ, క్యాబిన్ కట్టే రూల్స్ మాత్రం ఆ పాత భయం నాటివే. కంతల పైన ఇనుప పలకలు జారే గాడి ఉందేమో చూడండి. క్యాబిన్‌లో మంట లేస్తే ఆ పలకలు కిందికి పడి కంతలన్నీ మూసుకుపోవాలి. లోపల మేం ఏమైనా, పొగ మాత్రం జనం మీదికి పోకూడదు. తలుపు పక్కన కొక్కేలుంటే అవి ఇసుక బకెట్లవి.

రేకు గొట్టం కార్బన్ల పొగ పోవడానికి. అప్పట్లో మామూలు బల్బు వెలుతురు అంత పెద్ద తెరకు సరిపోయేది కాదు. రెండు కార్బన్ కడ్డీలను మొనకు మొన ఎదురుగా నిలిపి డీసీ కరెంటు ఇస్తే, ఆ సందులో వెల్డింగ్ మెరుపు లాంటి వెలుగు నిలబడుతుంది. వెనకున్న గుండ్రటి అద్దం ఆ వెలుగును ఫిలిం మీదికి తోస్తుంది. కడ్డీలు కొవ్వొత్తిలా అరిగిపోతుంటాయి, పాజిటివ్ కడ్డీ ఇంకా తొందరగా అరుగుతుంది. అరిగినకొద్దీ మరలు తిప్పి దగ్గరికి జరపాలి. సందు పెరిగితే తెర మీద వెలుగు తగ్గిపోతుంది. సందు మరీ తగ్గితే ఆర్క్, అంటే ఆ మెరుపు, బుసకొడుతుంది. మూడు గంటలూ ఆ సందును కాపాడటమే మా అసలు పని. సినిమా చూస్తూ జీతం తీసుకునేవాళ్లమని జనం అనుకునేవాళ్లు.

మా ఉస్తాద్ హైదరాబాద్‌లో పని నేర్చుకుని వచ్చిన మనిషి. మెషీన్‌కు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతుండేవాడు. నేను కంతలోంచి పాట చూస్తూ మైమరిచిపోతే, వెనక్కి తిరక్కుండానే అనేవాడు: "అరె బేటా, మెషీన్ మాట్లాడుతుంటె నువ్వు బొమ్మ జూస్తున్నవేంది?" అప్పుడు చెవి పెడితే వినపడేది, సన్నగా బుస. కన్ను తెర మీద, చెయ్యి మర మీద, చెవి కార్బన్ మీద. ఈ మూడూ కుదరడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీ గది మూలల్లో చిటికెన వేలంత నల్లటి ముక్కలు దొరికితే పారేయకండి. అవి అరిగిపోయిన కార్బన్ మొదళ్లు. కొన్నిటి మీద రాగి పూత కూడా ఉంటుంది.

మెషీన్లు రెండెందుకో చెప్తాను. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, సెకనుకు 24 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలకే అయిపోతుంది. మూడు గంటల సినిమా అంటే 16,200 అడుగులు, పదహారు పదిహేడు రీళ్లు. రెండేసి రీళ్లు కలిపి ఒక స్పూల్‌కు ఎక్కించినా ప్రతి 22 నిమిషాలకు ఒక మెషీన్ ఆపి ఇంకోటి మొదలుపెట్టాలి, జనానికి తెలియకుండా. పాత సినిమాల్లో తెర కుడివైపు పై మూలన చిన్న చుక్క ఒకటి తళుక్కుమని పోవడం మీరు చూసే ఉంటారు. అది మా కోసం పెట్టిన గుర్తు. మొదటి చుక్కకు రెండో మెషీన్ మోటర్ వేయాలి. ఏడు సెకన్ల తర్వాత రెండో చుక్క. దానికి ఇక్కడ మూసి అక్కడ తెరవాలి. రోజుకు నాలుగు ఆటలు, ఆటకు ఆరేడు మార్పులు. ఆ ఏడు సెకన్ల టెన్షన్ ముప్పై ఏళ్ల తర్వాత కూడా పోలేదు. ఇప్పుడు ఇంట్లో టీవీలో పాత సినిమా వస్తున్నా, చుక్క కనపడగానే నా కుడి చెయ్యి దానంతటదే కదులుతుంది.

నైజాం పాలన 1948లోనే పోయింది కానీ సినిమా వ్యాపారంలో మనది ఇప్పటికీ 'నైజాం ఏరియా'నే. హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి రేకు పెట్టెల్లో ప్రింటు వచ్చేది. మన ఊరికి రైలు రాకముందు ఆ పెట్టెలన్నీ బస్సు టాపు మీద వచ్చేవి. గురువారం రాత్రి బస్టాండ్‌లో పెట్టెల కోసం కాచుకోవడం, అందకపోతే మళ్లీ బస్సు కోసం కూర్చోవడం, అది కూడా ఉద్యోగంలో భాగమే. మనది బీ సెంటర్, అంటే పెద్ద ఊళ్ల తర్వాతి వరస. పెద్ద ఊళ్లలో ఆడి ఆడి అరిగిన ప్రింటే చాలాసార్లు మనకొచ్చేది. నిలువు గీతలతో తెరంతా వాన పడుతున్నట్టుండేది. తెగిన చోటల్లా అతుకులు. అతకాలంటే బ్లేడుతో ఫిలిం పై పూత గీకి, సిమెంట్ అనే ఫిలిం జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి నొక్కి పట్టుకోవాలి. ఫ్రేముకు నాలుగు రంధ్రాలు. ఆ లెక్క తప్పితే తెర మీద మనిషి కాళ్లు పైన, తల కింద వస్తాయి. అప్పుడు నేల క్లాసు మొత్తం లేచి కేకలేస్తుంది. తెగిన ప్రతిసారీ కొంత ఫిలిం పోతుంది. అడుగున్నర పోతే సరిగ్గా ఒక సెకను పోయినట్టు. మనకంటే చిన్న ఊళ్లకు చేరేసరికి పాటల్లో చరణాలు గెంతేవి. ఒకే సినిమా హైదరాబాద్‌లో చూసినవాళ్లకూ దేవరకొండలో చూసినవాళ్లకూ నిడివిలో తేడా ఉండేది. సినిమా చరిత్ర రాసేవాళ్లెవరూ ఈ సంగతి రాయగా నేను చూడలేదు.

కొన్నిసార్లు ఊళ్లో రెండు హాళ్లకు కలిపి ఒకే ప్రింటు ఇచ్చేవాళ్లు. ఇంకో హాల్లో అరగంట ముందు మొదలవుతుంది, అక్కడ అయిపోయిన రీళ్లు సైకిల్ మీద మాకు రావాలి. ఆ పనికి ఒక పిల్లాడుండేవాడు, పన్నెండు పదమూడేళ్లుంటాయి. ఒక శ్రావణమాసం రాత్రి కుండపోత వాన. మా మెషీన్ మీద స్పూల్ చివరికొస్తోంది, పిల్లాడు లేడు. చుక్క పడింది, రెండో మెషీన్‌లో ఎక్కించడానికి రీలు లేదు. తెర తెల్లబోయింది. ఉస్తాద్ మాట్లాడకుండా లైట్లేయించి రికార్డు పెట్టాడు. జనం ఈలలు, కుర్చీల మీద చేతుల చప్పుడు. పది నిమిషాల తర్వాత మెట్ల మీద తడి కాళ్ల చప్పుడు. సైకిల్ చైను తెగిందట, పెట్టె నెత్తిన పెట్టుకుని ప్రకాశం బజారు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు. మూత సరిగా పట్టని పెట్టెలోకి నీళ్లు పోతాయని చొక్కా విప్పి దానికి చుట్టాడు. వణుకుతూ నిలబడి "తడవలే అన్నా, జూస్కో" అన్నాడు. నిజంగానే ఒక్క చుక్క పోలేదు. రీలెక్కించాక ఉస్తాద్ తన కంబళి తీసి వాడికి కప్పాడు. ఆ నెలలో యాజమాన్యం మాత్రం ఆట ఆగినందుకు మా ముగ్గురి జీతంలో కోత పెట్టింది. దాని మీద నాకు ఇప్పటికీ బాధే. ఆ కోత న్యాయం కాదు.

ఇక హాలు సంగతి. తెర ముందు నేల, ఆ వెనక బెంచి, ఆ వెనక కుర్సీ, పైన బాల్కనీ. పక్కగా విడిగా ఒక ద్వారం, దానికి వేరే టికెట్ కిటికీ ఉంటే అది ఆడవాళ్లది. పాతవాళ్లు జనానా అనేవాళ్లు. పూర్వం ఆ భాగానికి పరదా ఉండేదని, బొమ్మ పడి హాలు చీకటయ్యాకే దాన్ని తీసేవాళ్లని ఉస్తాద్ చెప్పేవాడు. నేను చేరేనాటికి పరదా లేదు, దాన్ని కట్టిన ఇనుప తీగ మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఉందేమో గోడ చివర చూడండి. నాకు ఆ హాల్లో అన్నిటికంటే విలువైన గుర్తు ఆ తీగే.

రెండో ఆటకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొచ్చేవాళ్లు. 1967లో సాగర్ డ్యామ్ నీళ్లు వదలడం మొదలై, ఎడమ కాలువ పారాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పెరిగింది. కోతలయ్యాక అక్కడి హాళ్లు ఎట్లా నిండేవో అక్కడి ఆపరేటర్లు చెప్పుకునేవాళ్లు. మా దిక్కు మెట్ట పంటలు. వానల్ని బట్టే మా కలెక్షను. అయినా లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సుకు, చెర్వుగట్టు జాతరకు జనం దిగితే హౌస్‌ఫుల్ బోర్డు తియ్యాల్సిన పనే ఉండేది కాదు. శివరాత్రి నాడు తెల్లవార్లూ ఆటలు. జాగారం చేసే ముసలమ్మలు కొంగులో బటానీలు కట్టుకుని వచ్చి, మూడో ఆటకు అక్కడే ఒరిగి నిద్రపోయేవాళ్లు. గేట్ కీపర్ వాళ్లను లేపేవాడు కాదు.

కాంతారావు తెర మీద కత్తి తీస్తే మా హాల్లో వచ్చే ఈలలు వేరే ఊళ్లో వచ్చేవి కావని నేను గట్టిగా చెప్తాను. ఆయనది కోదాడ దగ్గర గుడిబండ, మన పాత నల్లగొండ జిల్లా. ప్రభాకర్ రెడ్డిది తుంగతుర్తి, ఉస్మానియాలో డాక్టరీ చదివి సినిమాల్లోకి పోయిన మనిషి. తెర మీద మన మాట వినపడని రోజుల్లో, మన ఊరి మనుషులు కనపడటమే మా వాళ్లకు గొప్ప. వాళ్ల పాత సినిమాలు తిరిగొస్తే మ్యాట్నీకి కూడా నేల నిండేది.

తెర గోడను కూడా శ్రద్ధగా చూడండి. పాత తెర మూడు పాళ్ల ఎత్తుకు నాలుగు పాళ్ల వెడల్పు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్‌గా వచ్చింది. ఆ బొమ్మ వెడల్పు ఎత్తుకు రెండింతల కంటే ఎక్కువ. దానికి ప్రత్యేకమైన లెన్సు కావాలి, తెర రెండు పక్కలా పెంచాలి. గోడ మీద లోపల ఒక జత, బయట ఒక జత కొక్కేలు కనిపిస్తే, లోపలివి పాత తెరవి, బయటివి స్కోపు కోసం వేసినవి. తెర వెనక సందులో స్పీకర్ల గద్దె ఉంటుంది. అందుకే తెరకు సన్నటి రంధ్రాలు, లేకపోతే మాట జనం దాకా రాదు.

హాలు వెనక సందులో చెత్త ఊడ్చి పోసేచోట ఊరి పిల్లలంతా చేరేవాళ్లు, ఫిలిం ముక్కల కోసం. మాడిపోయిన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, పంచె మీద బొమ్మ వేసుకునేవాళ్లు. నేనూ చిన్నప్పుడు అదే చేశాను. ఉస్తాద్ కంట పడింది కూడా ఆ సందులోనే.

మూతపడటానికి కారణం ఒక్కటి కాదు. 1984లో రాష్ట్రంలో వినోదపన్ను పద్ధతి మారింది. అమ్మిన టికెట్ల మీద కాకుండా, హాలు పూర్తిగా నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తం మీద శాతం లెక్కన కట్టాలి. వర్షాకాలంలో నలభై మందితో ఆట నడిపినా పన్ను నిండు హాలుదే. పెద్ద హాళ్లు తట్టుకున్నాయి, మనలాంటి చోట కష్టమైంది. టీవీ, వీడియో, కేబుల్ ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. కార్బన్లు పోయి జెనాన్ ల్యాంపులు వచ్చినప్పుడు మాకు సుఖంగానే అనిపించింది. 2005 తర్వాత శాటిలైట్‌తో, హార్డ్ డిస్కుతో డిజిటల్ మొదలయ్యాక రీలే పోయింది. పెట్టెలు లేవు, చుట్టడం లేదు, అతకడం లేదు. 2011లో నా చివరి రోజున క్యాబిన్‌లో కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు, మంచివాడే. చుక్క ఎందుకు పడేదని నన్ను అడిగాడు, చెప్పాను. మీ హాలు అంతకుముందే మూతపడింది.

చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. చాలామంది ఏ సినిమా వంద రోజులాడిందో రాసి ఊరుకుంటారు. అది డిస్ట్రిబ్యూటర్ చరిత్ర, హాలుది కాదు. హాలు చరిత్ర అందులో పనిచేసినవాళ్ల దగ్గరుంది. ముందు గేట్ కీపర్లను, టికెట్ కిటికీలో కూర్చున్నవాళ్లను, సోడాలు అమ్మినవాళ్లను వెతకండి. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటాయి, కాబట్టి కాగితాల కంటే వాళ్లే ముందు. కూర్చోబెట్టి 'అప్పట్లో ఎట్లుండేది' అంటే ఏమీ చెప్పలేరు. హాలుకు తీసుకొచ్చి, వాళ్లు నిలబడే చోట నిలబెట్టి అడగండి. గేటు దగ్గర నిలబడగానే చెయ్యి టికెట్ చింపే తీరులో కదులుతుంది, మాట దానంతటదే వస్తుంది. కాగితాల విషయానికొస్తే, సినిమా హాలుకు లైసెన్సు ఇచ్చేది కలెక్టర్ ఆఫీసు. బీ ఫారం అంటారు. ఎన్ని సీట్లు, ఏ క్లాసుకు ఎన్ని, ఎప్పుడు రెన్యువల్ అయిందీ అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. యజమాని కుటుంబం దగ్గర డీసీఆర్ పుస్తకాలు, అంటే రోజువారీ కలెక్షన్ లెక్కలు, మిగిలుంటే అవి బంగారం. ఏ ఆటకు ఎంతమంది వచ్చారో వాటిలో ఉంటుంది, జాతరలూ కరువులూ ఆ అంకెల్లోనే కనపడతాయి.

ఇంకొక్క పని, అన్నిటికంటే తొందరగా చేయాల్సింది. మీ మామయ్యతో చెప్పి ఆ గదికి సున్నం వేయించడం కొన్నాళ్లు ఆపించండి. రివైండింగ్ బల్ల ఉండే కుడివైపు గోడ మీద, నడుమెత్తు నుంచి తల ఎత్తు దాకా, పెన్సిల్‌తో రాసిన వరసలుంటాయి. ఏ బొమ్మ ఎప్పుడు పడింది, ఏ స్పూల్ ఎన్ని నిమిషాలు, ఎక్కడ అతుకు బలహీనంగా ఉంది అని మేం గోడ మీదే రాసుకునేవాళ్లం. పగటి వెలుతురులో కాదు, టార్చి లైటు గోడ వారగా పెట్టి పక్క నుంచి వెలుగు పడేట్టు ఫోటోలు తీయండి, అప్పుడే గీతలు తేలతాయి. తెలుగు అంకెలున్న చోట అది నా కంటే ముందు పనిచేసిన ఒకాయనది. ఉర్దూ అంకెలు కనిపిస్తే అవి మా ఉస్తాద్‌వి. తలుపు పక్కన కింద, మోకాలెత్తున సైకిల్ బొమ్మ ఒకటి గీసుంటే అది ఆ పిల్లాడు గీసింది. ఆ ఫోటో మాత్రం నాకు తప్పకుండా పంపండి.